గౌరి గడ్డి ఖర్చు ఎవరిది?

కనుమకి మనం పెట్టిన గోపూజ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని ఎడిట్ చేస్తున్న రోజే మా నాయన ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ గురించే ఈ పోస్ట్.

మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక పల్లె. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో రెండెకరాల చేను, రెండు పాడి ఆవులు, ఒక పెయ్య, ఇంకా గౌరి ఉన్నాయి. గౌరికి పన్నెండేళ్లు. ఐదు ఈతలు ఈనింది. నా ఇంజనీరింగ్ ఫీజుల్లో దాని పాల డబ్బులు కూడా ఉన్నాయి. రెండేళ్లుగా ఎన్నిసార్లు సూది వేయించినా చూలు నిలవడం లేదు.

"బేరగాడు వచ్చినాడురా. పన్నెండు వేలు ఇస్తానంటున్నాడు. ఇచ్చేస్తా" అన్నాడు నాయన.

నాకు కోపం ముంచుకొచ్చింది. "గోమాతని అమ్ముతావా నాయనా? పాపం తగలదా?" అని గట్టిగానే అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సరే, గడ్డి యాడనుంచి తెచ్చేదో అది కూడా నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ రాత్రి ఎక్సెల్ తెరిచి కూర్చున్నాను (మనకు తెలిసిన విద్య అదే కదా). పాడి ఆవుకి ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో అన్నది మామూలు లెక్క. మా రెండు ఆవులూ కలిపి రోజుకు 18 లీటర్లు ఇస్తాయి. అంటే దాదాపు పది కిలోల దాణా. బస్తా 50 కిలోలు, 1,300 రూపాయలు. కేంద్రంలో వెన్న శాతం చూసి మాకు కట్టే ధర లీటరుకు 34. అంటే 612 వస్తే 260 దాణాకే పోతుంది. మిగిలిన మూడువందల యాభైలోనే ఎండుగడ్డి, డాక్టరు, మందులు, పెయ్య మేపు, ఇల్లు. గౌరి ఒక్కదానికే దాణా, గడ్డి కలిపి రోజుకు వంద అవుతోంది. రోజూ మూడు లీటర్ల పాలు అదే తాగేస్తున్నట్టు లెక్క. మా పాలకు ధర పెట్టేది మేము కాదు, కొనే దాణాకు ధర పెట్టేదీ మేము కాదు.

మేపు ఇంతగా ఎందుకు పెరిగిందని నాయనని అడిగితే పెద్ద చిట్టా చదివాడు. వేరుశనగ వేసినప్పుడు కట్టె మిగిలేది, ఏడాదంతా పశువులు తినేవి. వానలు నమ్ముకోలేక ఆ పంట తగ్గించాం. వరి కోతకు మిషన్లు వచ్చాక గడ్డి ముక్కలై పొలంలోనే పడుతోంది, దాన్ని మళ్లీ బేలర్‌తో చుట్టించి లారీలో తేవాలి. మొక్కజొన్నకు కోళ్ల ఫారాలు పోటీ, ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలు కూడా. 2023 జూలైలో కేంద్రం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించిందంటే, ఆ సమస్య మా ఇంటిదొక్కటే కాదని అర్థమవుతుంది.

అప్పుడు నాకు గోవర్ధన కథ వేరేగా కనిపించింది. భాగవతం దశమ స్కంధంలో చిన్ని కృష్ణుడు నందుడితో ఇంద్రయాగం ఎందుకని వాదిస్తాడు. మన బతుకు ఆవుల మీద, ఆవుల బతుకు ఈ కొండ మీద, కాబట్టి కొండకు పూజ చేద్దాం, ఆవులకు గడ్డి పెడదాం అంటాడు. మనం వీడియోల్లో చిటికెన వేలు మీద కొండ ఎత్తడమే చూపిస్తాం. దానికి ముందున్న ఈ వాదన అంతా మేత గురించే! వ్రేపల్లెకి ఖర్చు లేకుండా మేపే కొండ ఒకటి ఉంది. మా ఊరి రికార్డుల్లో మేత పోరంబోకు అని ఒకటి ఉండేది. నేను పుట్టేసరికే అందులో సగం ఇళ్లు, సగం మామిడి తోట అయిపోయింది. కొండ లేదు, కొండ చేసే పని మాత్రం మా నాయన ఒక్కడి మీద పడింది.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృషి, గోరక్ష, వాణిజ్యం మూడూ ఒకే శ్లోకంలో పక్కపక్కనే వస్తాయి. ఆవుని కాచుకోవడం అక్కడ ఒక జీవనోపాధిగానే ఉంది. అందుకే ఆవు దగ్గర లెక్క వేసుకోవడమే పాపం అంటే నేను ఒప్పుకోలేకపోతున్నాను. అలాగని అమ్మేస్తే సరిపోతుందా అంటే, అదీ గొంతు దిగదు. బేరగాడు ఎక్కడికి తోలుకెళ్తాడో మేం అడగం, అతను చెప్పడు. గోవధ నిషేధ చట్టం మనకు 1977 నుంచి ఉంది. కానీ వట్టిపోయిన ఆవుకి రేపు పొద్దున గడ్డి ఎవరు వేయాలో ఆ చట్టం చూసుకోదు. మా పక్కింటి చిన్నాయన పోయినేడు రెండింటిని అమ్మాడు. తాడు చేతికిచ్చే ముందు వాటి కాళ్లకు దండం పెట్టి, మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన్ని పాపాత్ముడనడానికి నాకేం హక్కుంది? ఆ ఏడాది నేను ప్రతి శుక్రవారం యాప్‌లో గోగ్రాసం కట్టి స్క్రీన్‌షాట్ స్టేటస్ పెట్టుకున్నాను. నా పుణ్యానికి ఖర్చు అంతే. ఆయన దగ్గర మాత్రం మనం బతుకంతా అడుగుతున్నాం.

గౌరిని అమ్మలేదు. నెలకు మూడు వేలు నేను పంపిస్తున్నాను, యాప్ ఆపేశాను. నేనేదో గెలిచానని అనుకుంటుండగా అమ్మ ఫోన్ తీసుకుంది. "ఆవు దుడ్లు తినదు నాయనా. పేడ ఎత్తాల, గడ్డి కొయ్యాల. నా మోకాళ్లకి కూడా ఏమన్నా పంపిస్తావా?" నవ్వుతూనే అంది, కానీ నేను నవ్వలేకపోయాను. ఇప్పుడు నెలకు రెండు శనివారాలు ఊరికెళ్లి కొట్టం పని చేస్తున్నాను. మిగతా రోజులు మళ్లీ అమ్మే.

ఖర్చు తగ్గించడానికి కొన్ని చేశాం. గడ్డి కోసే మిషన్ సెకండ్ హ్యాండ్‌ది కొన్నాం. ముక్కలు చేసి వేస్తే తొక్కి పారబోసేది బాగా తగ్గింది. యూట్యూబ్ చూసి నేను అజొల్లా తొట్టి కట్టిస్తే ఎండాకాలంలో అది మాడిపోయింది, నాయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. బోరు పక్కన ఇరవై సెంట్లలో సూపర్ నేపియర్ నాటాం. మొన్ననే మొదటి కోత.

మొదటి మోపు ఎవరికి వేశావమ్మా అని అడిగాను. గౌరి పేరు చెబుతుందనుకున్నాను.

"పాలిచ్చేదానికి రా. గౌరికి రెండో మోపు" అంది.