దొరదొంగయు మన త్రాసును

లెస్లీ చార్టెరిస్ 1928లో సృష్టించిన సైమన్ టెంప్లార్‌కు ‘సెయింట్’, అనగా సాధువని పేరు. దశాబ్దాలు సాగిన ఆ కథల తొలినాళ్లలో అతడు వంచకులను దోచి, పదవవంతు కమీషను ఉంచుకొని, తక్కినది ధర్మమునకు ఇచ్చెడివాడు. తీర్పరియు కమీషనుదారుడును ఒక్కడే అయిన బేరమును ఏ వర్తకుడు ఒప్పుకొనును?

ఇయ్యనిది తీసికొనుటయే చౌర్యమని తత్త్వార్థసూత్రము చెప్పినది. సొత్తు వంచకునిదైనచో దోషము లేదనలేదు. అయితే అచౌర్యవ్రతపు అతిచారములలో దొంగసొత్తు కొనుటతోపాటు తప్పు తూకమును, కల్తీని కూడ చేర్చినది. విరుదునగరంలో మిరపకాయలు తూచు మనకును, కోవిల్‌పట్టిలో పత్తి తూచు మనకును ఆ మాట వర్తించును. త్రాసు వంకరయైన ఊరిలోనే దొరదొంగకు జేజేలు. అతని కథలు చదివి ఆనందింతము. అతనికి మన వీధిలో పని లేకుండ చూచుకొందము.