ఉద్యోగస్థానమున ధర్మము

ఆఫీసులో కాగితములు, లెక్కలు మాత్రమే యుండునని తలంచుట పొరపాటు. రాగద్వేషములకును, అసూయకును అది నిత్యనివాసము. పైయధికారి చెవిని వేసిన ఒక చిన్న మాట ఒక కుటుంబపు కూటికే అడ్డు రావచ్చును.

ఇట్టి సందర్భ మొకటి శ్రీరామకృష్ణుల చరిత్రమున గలదు. 1855 లో రాణి రాసమణి దక్షిణేశ్వరమున కాళికాలయమును ప్రతిష్ఠింపజేసెను. పిదప కొలది కాలమునకే కాళీపూజాభారము శ్రీరామకృష్ణులపై బడెను. ఆలయోద్యోగుల దృష్టిలో ఆయన జీతము పుచ్చుకొను అర్చకుడు. భావావేశమున విధిని మీఱి ఆయన చేయు పూజ వారికి అపచారముగ దోచెను. వారు, రాణి అల్లుడును ఆమె వ్యవహారకర్తయు నగు మథురబాబునకు ఫిర్యాదు చేసిరి.

మథురుడు ఆ మాట నమ్మి అర్చకుని తొలగింపలేదు, ఫిర్యాదును త్రోసివేయనులేదు. ముందుగా తెలుపక తానే వచ్చి పూజను కన్నులార చూచెను. ఆ భక్తిని గాంచి, ఆయనకు ఆటంకము కలిగింపరాదని ఉద్యోగుల నాజ్ఞాపించెను. ఒకవైపు మాట విని సేవకుని దండించు యజమాని క్రూరుడు కాకపోవచ్చును, కాని సోమరి. వాని సోమరితనమునకు వెల చెల్లించువాడు మాత్రము వేఱొకడు.

ఆ ఉద్యోగులు ఆలయమర్యాదను కాపాడుచున్నామనియే తలంచి యుండవచ్చును. అసూయ తఱచుగా విధినిష్ఠ యను వేషమున వచ్చును. కావున తోటివానిపై ఫిర్యాదు చేయబోవువాడు, ఈ మాటను వాని యెదుట చెప్పగలనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

మఱి అన్యాయమునకు గురియైనవాడు ఓర్పు పేరిట సర్వమును సహింపవలెనా? శ్రీరామకృష్ణులు చెప్పిన పాము కథ యిచట స్మరణీయము. సాధువు ఉపదేశముచే కాటు మానిన పామును పసులకాపరి పిల్లలు చావుదెబ్బలు కొట్టిరి. తిరిగివచ్చిన సాధువు, కాటు వలదంటినే గాని బుస వలదనలేదే యని దానిని మందలించెను. పైవారికి వ్రాతమూలకముగ విన్నవించుకొనుట, చట్టము నాశ్రయించుట ధర్మబద్ధమైన బుసలే. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టుటకు 2013 లో చేసిన చట్టము, 10 మంది గాని అంతకు మించి గాని పనివారున్న సంస్థలలో విచారణకై కమిటీ యుండవలెనని విధించినది. అందు కూర్చుండువారికి మథురుని ఓపిక లేనిచో చట్టము వట్టి కాగితమగును. బుసకొట్టువాడును హృదయమున విషమును దాచుకొనరాదు. న్యాయము కోరుట వేఱు, పగ సాధించుట వేఱు.

పూజాగృహమున ఈశ్వరునకు మ్రొక్కి, ఆఫీసులో బంట్రోతును అవమానించువాని పూజ అసంపూర్ణము. మ్రొక్కులందుకొన్నవాడే అచట చేతులు కట్టుకొని నిలిచియున్నాడు.