గాయపడిన విశ్వాసము

మనుజునకు దైవవిశ్వాసము చాలవఱకు ఇతరుల చేతులమీదుగనే లభించును. తల్లి నేర్పిన ప్రార్థన, గురువు చెప్పిన కథ, గుడిలోనో చర్చిలోనో పదిమందితో గూడి పాడిన పాట, ఇవియే తొలిమెట్లు. ఆ చేతులే యొకనాడు మనలను గాయపఱచినచో నేమి చేయవలెను? అన్నము పెట్టిన చేయియే కొట్టినపుడు అన్నమును గూడ త్యజింపవలెనా? లేక, అన్నము పెట్టినది గదా యని దెబ్బను దెబ్బ కాదనుకొనవలెనా?

ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు వాడుకలో నున్నవి. మతసంస్థయే చెడ్డది గనుక అది చెప్పిన దైవమును అబద్ధమే యనుట యొకటి. సంస్థ పరిశుద్ధమైనది గనుక నొచ్చుకొనుటయే పాపము, నోరు మూసికొని లోబడుమనుట రెండవది. ఈ రెండును పైకి పరస్పరవిరుద్ధములుగా గన్పట్టినను వీని మూలము ఒక్కటియే. సంఘమును, సంఘము ఎవనిని గూర్చి బోధించునో ఆ దేవుని, వేఱుచేసి చూడలేకపోవుటయే ఆ మూలము. ఈ వివేచనమును తన జీవితమునందే చేసి చూపిన యొక మహనీయురాలు మన దేశమున గలదు. ఆమె పండిత రమాబాయి. చదువరులు క్రైస్తవులైనను కాకున్నను, ఆమె నడచిన దారి ఆలోచింపదగినది.

రమాబాయి 1858వ సంవత్సరమున పడమటి కనుమల యడవిలో, గంగామూలమున జన్మించెను. ఆమె తండ్రి అనంతశాస్త్రి, పండితులు కూడదన్నను వినక, తన భార్యకు సంస్కృతము నేర్పిన ధీరుడు. తల్లి లక్ష్మీబాయియే రమాబాయికి గురువు. ఆ కుటుంబము పురాణము చెప్పుకొనుచు, తీర్థములు సేవించుచు దేశమెల్ల తిరిగెను. చెన్నపురి రాజధానిని కఱవు పట్టిన కాలమున వారు మన తిరుపతి ప్రాంతపు అడవిలో నీళ్లు త్రాగి, ఆకులు తిని దినములు గడపిరి. వ్రతములు విడువలేదు, దానములు మానలేదు; అయినను ఆకలి తీఱలేదు. కొలదికాలములోనే తండ్రియు, తల్లియు, అక్కయు గతించిరి. పదునాఱేండ్ల ప్రాయపు పిల్లకు అన్న యొక్కడు మిగిలెను. ఆ యడవిలోనే ఆమె తొలిసందేహము మొలకెత్తి యుండును.

అన్నతో గాలినడకను దేశాటనము చేసి 1878లో ఆమె కలకత్తా చేరెను. అచ్చటి విద్వాంసులు ఆమె సంస్కృతపాండిత్యమునకు ముగ్ధులై 'పండిత', 'సరస్వతి' యను బిరుదముల నిచ్చిరి. స్త్రీలకు ధర్మోపన్యాసములు చేయుటకై ధర్మశాస్త్రములను తఱచి చదివినపుడు, ఆ గ్రంథములు తమలో తాము ఎన్నియో విషయములయందు కలహించుచున్నను, స్త్రీయు శూద్రుడును హీనులనుటలో మాత్రము ఏకీభవించుట ఆమెకు గానవచ్చెను. అన్న చనిపోయెను. 1880లో ఆమె వేఱు కులమునకు జెందిన వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. రెండేండ్లు నిండకయే అతడు విషూచికిచే మరణించెను. చంకలో పసిబిడ్డ మనోరమతో ఆమె పూనా చేరి, స్త్రీవిద్యకై పాటుపడి, 1883లో ఇంగ్లాండునకు వెడలెను. అచ్చటి వాంటేజి పట్టణమున సన్న్యాసినీమఠము ఆమెకు ఆశ్రయ మిచ్చినది. ఆ యేడే సెప్టెంబరులో ఆమె బాప్తిస్మము పొందెను.

ఆమెను క్రైస్తవమతమువైపు త్రిప్పినది వాదము మాత్రమే కాదు. ఆ సన్న్యాసినులు లండనులోని ఫుల్హాములో నడపుచుండిన ఆశ్రమమును ఆమె చూచెను. లోకము 'పతితలు' అని విసరివేసిన స్త్రీలను వారు తోబుట్టువులవలె నాదరించుచుండిరి. ఈ దయ యెక్కడిది యని యామె యడిగినపుడు, సమరయస్త్రీతో క్రీస్తు బావికడ మాటలాడిన కథను వారు చూపిరి. స్త్రీని ఈ విధముగా జూచిన గురువు ఆమె హృదయమును చూఱగొనెను. ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి కలదు. ఆమెకు వెలుగు చూపినవారును, తరువాత ఆమెను నొప్పించినవారును వేర్వేఱు మనుష్యులు కారు.

చెల్ట్‌నహాము కాలేజిలో ఆమె చదువుచు సంస్కృతము బోధించుచుండెను. పురుషులకు గూడ పాఠము చెప్పు ప్రస్తావన రాగా, హిందూదేశమున బిషప్పులుగా నుండిన ఆంగ్లేయులు అది తగదనిరి. వితంతువైన పండితురాలు తన దేశమున పురుషుల సభలలో శాస్త్రోపన్యాసములు చేసి వచ్చినదని వారికి దోచలేదు. ఆమె మఠగురువు సిస్టరు జెరాల్డీను ఆమెకు లోబడుట నేర్పగోరెను. త్రిత్వసిద్ధాంతమును గూర్చియు, క్రీస్తు జన్మమును గూర్చియు ఆమె యడిగిన ప్రశ్నలు గర్వముగా లెక్కింపబడెను. మాంసము ముట్టని ఆమె నియమము సయితము విమర్శకు లోనయ్యెను. సిలువపై లాటినక్షరములుండగా సంస్కృతాక్షరము లేల యుండరాదని ఆమె వాదింపవలసివచ్చెను. కుమార్తెకు ఏ సిద్ధాంతములు నేర్పవలెనో నిర్ణయించు అధికారము తల్లిదా, మఠముదా యను వివాదము కూడ బయలుదేఱెను. వెనుకటి పురోహితుల కాడిని తెంచుకొని వచ్చినది మఱియొక పురోహితవర్గపు కాడిని మెడకు దగిలించుకొనుటకు గాదని ఆమె స్పష్టముగా దెలిపెను.

ఆ సన్న్యాసినులు దుష్టులు కారు. వారు ఆమెను ప్రేమించిరి. కాని ఆ ప్రేమలో, నీకు మేలు చేసితిమి గనుక నీ మనస్సాక్షి మా యధీనము అను ఋణపత్రము మడచి పెట్టబడి యుండెను. మతసంఘములు కలిగించు గాయములలో కడు లోతైనది ఇదియే. శత్రువు కొట్టిన దెబ్బకు మందు కలదు. పరుడు కొట్టినచో పరుడే గదా యనుకొందుము. దేవుని పేరిట, ప్రేమ పేరిట, మన మేలుకొఱకే యని కొట్టిన దెబ్బ మన ప్రార్థనను గూడ నొప్పించును. మోకరిల్లినప్పుడెల్ల ఆ నొప్పియే జ్ఞప్తికి వచ్చును.

ఇక సందేహమును గూర్చి యొక మాట. సందేహించువాడు విశ్వాసఘాతకుడను భావము మన యిండ్లలో గూడ బలముగా నున్నది. కాని న్యాయదర్శనకారుడు తెలియవలసిన పదునాఱు పదార్థములలో సంశయమును మూడవదానిగా బేర్కొనెను. సంశయము లేనిచోట విచారణ లేదు, విచారణ లేనిచోట నిర్ణయము లేదు. పూర్వపక్షమును వినక సిద్ధాంతము చెప్పువానిని మన శాస్త్రులు పండితుడని యొప్పరు. క్రైస్తవగ్రంథమునందును తోమా యను శిష్యుడు, గాయములను తాకి చూచినగాని నమ్మనని చెప్పెను. గురువు అతనిని వెలివేయలేదు. గాయములనే చూపెను. గాయపడినవాని సందేహమునకు గాయపడినవాడే జవాబు చెప్పుట ఆ కథలోని మర్మము. సందేహమును గద్దించి యణచినచో అది చావదు, కపటమై బ్రదుకును.

రమాబాయి అణగలేదు, విడిచి పోనులేదు. 1886లో అమెరికాకు వెళ్లి, మరుసటి యేడు హిందూస్త్రీల దుఃస్థితిని గూర్చి గ్రంథము ప్రకటించి, స్నేహితులను సంపాదించి, 1889లో బొంబాయి నగరమున శారదాసదనమును స్థాపించెను. బాలవితంతువులకు అన్నమును, అక్షరమును ఇచ్చు గృహ మది. ఆ పనిలో నుండగానే, బాప్తిస్మము పొందిన యెనిమిదేండ్లకు, 1891 ప్రాంతమున ఆమెకు నిజమైన శాంతి కలిగినది. అంతవఱకు తనకు దొరికినది క్రైస్తవమత మనియు, క్రీస్తు మాత్రము దొరకలేదనియు ఆమె తరువాత తన అనుభవమును వ్రాసికొనెను. అట్లు దొరకకపోవుటకు ఎవరును దోషులు కారని గూడ ఆమె వ్రాసినది. ఇన్ని మాటలు పడిన స్త్రీ ఆ వాక్యమును వ్రాయగలుగుట చూడగా, గాయము మానిన దనుటకు వేఱు సాక్ష్యము అక్కఱలేదు. తన్ను నొప్పించినవారిని నిందించుటతోనే కాలము గడపువాడు ఇంకను వారి యధీనముననే యున్నాడు.

ఇచ్చట వివేకవంతులు ఒక యాక్షేపణ చేయుదురు. ఎవరి విశ్వాసము వారిదే యైనచో, ప్రతివాడును తన యిష్టమునే దేవుడని పిలుచుకొనడా? సంఘమునకు లోబడనివాడు తన యహంకారమునకు లోబడడని నమ్మకమేమి? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. స్వంతవిశ్వాసమునకు గీటురాయి కావలెను. ఆ గీటురాయి, ఆ విశ్వాసము మనలను సుఖపెట్టినదా యనునది గాక, ఎవరి దుఃఖమువైపు మనలను నడపినది యనునది. 1896-97లో మధ్యరాష్ట్రములలో కఱవు వచ్చినది. అడవిలో ఆకులు తిని బ్రదికిన నాటి బాలిక ఆ వార్త విని ఊరకుండలేకపోయెను. తానే వెళ్లి, ఇంచుమించు మూడువందలమంది దిక్కులేని బాలికలను, స్త్రీలను వెంట బెట్టుకొని వచ్చెను. పూనాకు సమీపమున కేడ్‌గాములో వారికై 'ముక్తి' యను నివాసము వెలసెను. ఆ సంస్థ నేటికిని పని చేయుచున్నది. అహంకారము తనకు గుడి కట్టుకొనును, ఆకలిగొన్న పిల్లలకు వంటయిల్లు కట్టదు.

అయినను నిష్పక్షపాతముగా జెప్పవలసిన మాట మఱొకటి యున్నది. 1893లో శారదాసదనమున పెద్ద కలత పుట్టెను. ఆ సంస్థలో మతవిషయమున తటస్థత పాటింతుమని వాగ్దానము చేయబడి యుండెను. రమాబాయి తన గదిలో ప్రార్థించునపుడు తలుపు మూయకుండెను. కొందఱు బాలికలు వచ్చి కూర్చుండిరి. రానడే, భాండార్కరు మొదలగు పెద్దలు సలహాసంఘమునుండి తొలగిరి. పలువురు తమ పిల్లలను తీసికొనిపోయిరి. నా ప్రార్థనకు తలుపేల మూయవలెనని ఆమె ప్రశ్న. అన్నము పెట్టు చేయి ప్రార్థించుచుండగా అనాథబాలిక స్వేచ్ఛగా నిర్ణయింపగలదా యని వారి ప్రశ్న. రెండును సత్యములే. వాంటేజిలో రమాబాయి యడిగిన ప్రశ్నయే పూనాలో రమాబాయిని అడిగినది. ఆమె బలవంతము చేసినదని నేననను. కాని ఆశ్రయ మిచ్చువాడు ఎంత మంచివాడైన నంత జాగరూకుడై యుండవలెననుట ఇందు మనకు పాఠము. గాయపడినవాడు రేపు పెద్దపీట మీద కూర్చుండును. తన క్రింద నున్నవారికి 'కాదు' అను హక్కును తా నిచ్చెనా లేదా యనుటయే అతని విశ్వాసమునకు రెండవ గీటురాయి.

ఈ విచారణ పూనాతో ముగియదు. మన తెలుగునాట క్రైస్తవసంఘములలో అధికసంఖ్యాకులు, అంటరానివారని ఊరివెలుపల నుంచబడిన కులములనుండి గౌరవమును వెదకికొని వచ్చినవారు. వచ్చినచోటను కొన్ని సంఘములలో కులము వారి వెంట వచ్చినది. పెండ్లిసంబంధములలో, పెత్తనములలో, ఆస్తితగవులలో అది తల యెత్తును. ఇది చూచి నొచ్చుకొన్న యువకుడు ఆదివారమున గుడికి రానన్నపుడు, వానిని 'వెనుకకు జాఱినవాడు' అని ముద్రవేయుట సులభము. వాడు విడిచినది దేవునినా, దేవుని పేరిట మన మాడిన నాటకమునా యని తమ్ము దాము ప్రశ్నించుకొనుట పెద్దలకు కష్టము. ఇది క్రైస్తవులకు మాత్రమే చెప్పిన మాట కాదు. మఠము, మందిరము, మసీదు, సంస్కరణసమాజము దేనికైనను ఇది వర్తించును. ఇంటిలో కొడుకో కూతురో, నాకు నమ్మకము కుదురుట లేదు అని చెప్పిననాడు ఆ బిడ్డ మనయెడ చూపినది తిరస్కారము గాదు, గౌరవము. మనలను నమ్మకున్నచో ఆ మాట మనతో చెప్పడు. ఆ దినమున మన మిచ్చు ఉత్తరముమీద వాని ముప్పదియేండ్ల జీవితము ఆధారపడి యుండవచ్చును.

గాయపడినవానికి గూడ ఒక మనవి. త్వరపడి తలుపు మూయవలదు. గుడినుండి కొంతకాలము దూరముగా నుండుట అవసరమే కావచ్చును. కాని దూరమునే ధర్మమని భ్రమింపరాదు. సంఘము చెప్పినందున నమ్మినది నమ్మకము కానట్లే, సంఘము కొట్టినందున విడిచినది విచారణ కాదు. మూలమును స్వయముగా చదువుము, అడుగుము, వేచియుండుము. రమాబాయికి ఎనిమిదేండ్లు పట్టినది. నీకు ఇరువది పట్టినను తప్పులేదు.

రమాబాయి తన జీవితపు తుదిభాగమును బైబిలును మహారాష్ట్రభాషలోనికి దెచ్చుటకు వినియోగించెను. పరుల యనువాదములమీద నాధారపడక, హీబ్రూ గ్రీకు భాషలను నేర్చి, మూలమునుండియే పరివర్తనము చేసెను. పండితులు మెచ్చు సంస్కృతభూయిష్ఠమైన శైలిని విడిచి, చదువురాని పల్లెస్త్రీ విన్నను తెలియునట్లు వ్రాసెను. సిలువమీద లాటిను వలదు, సంస్కృతము కావలెనన్న పండితురాలు తుదకు సంస్కృతమును గూడ ప్రక్కన బెట్టినది. ముక్తిలోని స్త్రీలే అక్షరములు కూర్చి అచ్చువేసిరి. 1921లో ఏకపుత్రిక మనోరమ మరణించినను ఆమె ఆ పని మానలేదు. 1922 ఏప్రిల్ 5వ తేదీన ఆమె కన్నుమూసెను. గ్రంథము 1924లో వెలువడెను. తనకు పరుల చేతులమీదుగా వచ్చి, వారి చేతులలోనే గాయపడి, తన చేతులతో మరల వెదకికొన్న దానిని, మధ్యవర్తి లేకుండ చదువుకొనుమని ఆమె ఆ స్త్రీల చేతులలో బెట్టి వెళ్లినది.