సింహశార్దూల వివాదము

సింహమును పెద్దపులియు నొకచోట నెదురుపడి పోరాడినచో ఏది గెలుచును? ఈ ప్రశ్నను బాలురు పాఠశాలలో నడుగుదురు. పెద్దలు వీధి యరుగులమీద గూర్చుండి వాదింతురు. రెండువేల యేండ్లకు బూర్వము చక్రవర్తులును దీని నడిగిరి. ప్రయోజనము లేని విచారమునకు మన శాస్త్రకారులు కాకదంతపరీక్ష యని పేరిడిరి. కాకికి పండ్లెన్ని యని లెక్కింపబూనుట వంటిదని దాని భావము. మన ప్రశ్నయు నట్టిదే యని త్రోసివేయవచ్చును. కాని రెంటికిని నొక భేదము కలదు. కాకికి పండ్లు వెదకువాడు తన కాలమునే పోగొట్టుకొనును. కాకికి హాని లేదు. ఈ ప్రశ్నకు సమాధానము కావలెనని మాత్రము మనుష్యులు నిజముగా మృగములను పట్టి తెచ్చి పోరాడించిరి. రక్తముచే సమాధానము చెప్పించుకొన్న ప్రశ్న నిరర్థకమే యైనను నిరపాయమైనది కాదు. కావున దానిని విచారించుట మనకు విధి.

మొదట ప్రశ్నకు రావలసిన మర్యాదను దానికిత్తము. బలాబలములను తూచుటకు కొన్ని సంగతులు తెలిసియే యున్నవి. మన దేశపు మగపులి యించుమించుగా 180 మొదలు 260 కిలోగ్రాముల వరకు తూగును. గుజరాతులోని గిర్ అడవియందలి మగసింహము 160 మొదలు 190 కిలోగ్రాముల వరకు తూగును. ఆఫ్రికా సింహ మంతకంటె పెద్దది. పులి వెనుకకాళ్లపై లేచి రెండు ముందుపంజాలతోను గొట్టగలదు. సింహమునకు మెడచుట్టును జూలు కలదు. తోడి మగసింహములతో బోరాడుట దానికి వయసు వచ్చినది మొదలు అలవాటు. పులికి బరువెక్కువ గనుక పులియే గెలుచునని యొకడును, సింహమునకు పోరున నభ్యాస మెక్కువ గనుక సింహమే గెలుచునని మరియొకడును సిద్ధాంతము చేయవచ్చును. ఇరువురకును యుక్తులు కలవు. ఇరువురును మరచిన దొక్కటి: ఈ పోరాట మెక్కడ జరుగును?

సింహము బయళ్లయందును, పొదలుగల మైదానములయందును గుంపుగా దిరుగు జంతువు. పులి చెట్లచాటున నొంటరిగా సంచరించు జంతువు. నేడు మన దేశమున సింహములు గుజరాతులోని సౌరాష్ట్ర భాగమునందే కలవు. పులులు తక్కిన యనేక రాష్ట్రముల యడవులలో నున్నవి. మన నల్లమలయు వాని నివాసమే. పూర్వ మొకప్పు డుత్తర హిందూస్థానమున నీ రెండు జాతులును గలవు. అప్పుడైనను ఒకదానిని గెలిచి కీర్తి గడింపవలెనను కోరిక రెండవదానికి లేదు. పులి చెట్ల బెరళ్లపై గోళ్లతో గీతలు గీసి, వాసనలు నిలిపి, తన యెల్లలను దెలుపును. సింహగర్జన యెనిమిది కిలోమీటర్ల దూరము వినబడును. ఇవి యుద్ధభేరులని మనము భ్రమపడుదుము. నిజమునకు ఇవి యుద్ధము లేకుండ జేయు హెచ్చరికలు. "నేనిక్కడ నున్నాను, నీవు తొలగి పొమ్ము" అనుటయే వాని యర్థము.

ఈ జాగ్రత్త పిరికితనము కాదు. ఒంటరిగా వేటాడు పులికి కోర విరిగినను, ముందుకాలు దెబ్బతినినను, ఆహారము తెచ్చిపెట్టువా రెవ్వరును లేరు. గాయపడిన సింహము తన గుంపు చంపిన వేటలో కొంత తినవచ్చును గాని, దానికిని గుంపులోని యధికారము నిలువదు. కుమావూను కొండలలో 436 మందిని చంపినదని ప్రసిద్ధి కెక్కిన చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ కాల్చి చంపెను. దాని నోరు పరీక్షింపగా కుడివైపున మీదికోరయు క్రిందికోరయు పూర్వపు తుపాకిదెబ్బచే విరిగియుండెను. సహజమైన వేట నాడలేకయే యది మనుష్యుల మీదికి వచ్చెనని యాతడు గ్రహించెను. ఒక్క పంటి విలువ యడవిలో నంతటిది. పోరులో గెలిచి కోర పోగొట్టుకొన్న మృగము మన లెక్కలో విజేత. అడవి లెక్కలో నది యాకలిచే చావనున్న ప్రాణి.

బలమనునది పాత్రలో బోసి యెక్కడికి గొనిపోయినను తరుగని వస్తువు కాదు. అది స్థానమునుబట్టి పెరుగును, తరుగును. పోతన భాగవతమునందలి గజేంద్రుని కథ మన యిండ్లలో నెరుగనివారు లేరు. గట్టుమీద నైనచో ఏనుగు కాలిక్రింద మొసలి నలిగిపోవలసినదే. మడుగులో నా మొసలియే యేనుగును వేయేండ్లు కదలనీయక నిలిపెను. ఏనుగు బలవంతమా, మొసలి బలవంతమా యని యడుగువాడు నీటిలోనా, గట్టుమీదనా యని చెప్పనిచో వాని ప్రశ్న యింకను పూర్తి కాలేదన్నమాట. సింహశార్దూలముల ప్రశ్నయు నిట్లే యసంపూర్ణమైనది. రెండును స్వేచ్ఛతో వచ్చి తమ ప్రాణములను పణముగా నొడ్డు తావు ప్రకృతిలో కానరాదు. కానరాకపోగా మనుష్యుడు దానిని నిర్మించెను.

క్రీస్తుశకము 80లో రోమునగరమున టైటస్ చక్రవర్తి యొక మహాక్రీడారంగమును బ్రారంభించి నూరుదినము లుత్సవములు జరిపెను. ఆ వేడుకలలో 9,000 జంతువులు చంపబడెనని డియో కాషియస్ అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. మార్షియల్ అను లాటినుకవి యా రంగపు వినోదములను వర్ణించి చిన్న పద్యములు రచించెను. వానిలో నొకదానియందు ఆడపులి యొకటి సింహమును చీల్చివేసిన వృత్తాంతము కలదు. ఆ పులి శిక్షకుని చేతిని నాకునంతటి మచ్చిక గలది! ఆ కవి వ్రాసినది చక్రవర్తి ప్రీతికొరకే. ఐనను ఒక సత్యము నాతడు దాచలేకపోయెను. అడవిలో నున్నంతకాలము ఆ పులి యట్టి పనికి దెగింపలేదనియు, మనుష్యుల నడుమకు వచ్చిన పిదపనే దాని క్రౌర్యము హెచ్చెననియు నాతడు చెప్పెను.

చదువరులారా, ఆనాటి ప్రేక్షకులు తమ ప్రశ్నకు సమాధానము దొరకెనని సంతసించియుందురు. కాని దొరకినదేమి? ఆ రంగమునకు చుట్టును గోడ యుండెను. ఓడినది పారిపోవుటకు దారి లేదు. గెలుచుచున్నది విడిచిపెట్టుటకును దారి లేదు. అక్కడ బయలుపడినది పులి స్వభావమును గాదు, సింహస్వభావమును గాదు, గోడ స్వభావము. ఏది గెలుచునని మన మడిగినప్పుడెల్ల, నోట పలుకకపోయినను, ఈ గోడను మనస్సులో కట్టియే యడుగుచున్నాము.

ఇందు కొక యాక్షేపము రావచ్చును. ప్రకృతియందు పోరాటము లేదా? మగసింహములు గుంపు కొరకు పోరాడి యొకదాని నొకటి చంపుట లేదా? క్రొత్తగా వచ్చిన సింహము పాత సింహపు పిల్లలను చంపుట లేదా? నిజమే. అడవి తపోవనము కాదు. దాని నట్లు వర్ణించుట మరియొక విధమైన యసత్యము. అయితే యడవిలోని పోరునకు ఆహారమో, సంతానమో, నివాసమో ప్రయోజనముగా నుండును. ఓటమి యొప్పుకొన్నదానికి తొలగిపోవు త్రోవ తరచుగా నుండును. చూచువారి కొరకు జరుగు పోరునకు ఈ రెండును లేవు. పోరాడు జీవునకు ప్రయోజనము లేక, తప్పించుకొను దారియు లేక, మూడవవాని వేడుక యొక్కటే మిగులునప్పుడు అది పోరు కాదు, హింస.

ఈ మూడవవానిని గుర్తించుటయే యిందలి ముఖ్యవిషయము. చిన్నయసూరి నీతిచంద్రికయందలి మిత్రభేదమును తలచుకొందము. పింగళకమను సింహమును సంజీవకమను నెద్దును మైత్రితో నుండగా, దమనకమను నక్క చెరియొక మాట చెప్పి యిరువురకును ద్వేషము కల్పించెను. ఎద్దు చచ్చెను, సింహము మిత్రుని గోలుపోయెను. ఆ కథ విని, సింహము బలవంతమా, ఎద్దు బలవంతమా యని యడుగువాడు లేడు. పసివానికిని కనబడునది నక్కయే. కథలో నక్కను చూడగలిగిన మన కన్ను క్రీడారంగములో దాని నేల చూడజాలదు? అక్కడ నక్క యాసనమున గూర్చున్నది మనమే గనుక.

ఆ యాసనము భద్రమైనదియు గాదు. 1633లో ఆగ్రాయందు షాజహాను చూచుచుండగా రెండేనుగులను పోరాడించిరి. వానిలో సుధాకరమను నేనుగు తన ప్రత్యర్థిని విడిచి, పదునాలుగేండ్ల రాకుమారుడగు ఔరంగజేబు మీదికి దుమికెను. బాలుడు ఈటెతో దాని నెదిరించి బ్రతికెను. రాకుమారుని శౌర్యమును చరిత్ర కొనియాడినది. గజయుద్ధముల వినోదము మాత్రము మొగలుదర్బారున నాతోనాగలేదు. చక్రవర్తి కన్నకొడుకు ప్రాణమే మీదికి వచ్చినను మానలేని వ్యసనము సామాన్యులలో నొక్కమాటతో పోవునా?

పోలేదనుటకు మన సంక్రాంతియే సాక్ష్యము. ఇంగ్లండులో 1835 నాటి చట్టము ఎలుగుబంట్లపైకి కుక్కలను వదలు క్రీడలను నిషేధించెను. మన దేశమున 1960 నాటి జంతుహింసానివారణ చట్టము వినోదార్థము జంతువులను పోరునకు పురికొల్పుట నేరమని విధించినది. అయినను గోదావరీతీరమున పండుగనాడు కోడిపందెముల బరులు వెలయుచునే యున్నవి. పోరాడుట పుంజునకు సహజము గాదా యని పందెగాండ్రు వాదింతురు. సహజమే, కాని దాని కాలికి కత్తి కట్టినది ప్రకృతి కాదు. పండ్రెండవ శతాబ్దమున పలనాటియందు బ్రహ్మనాయని పక్షము నాగమ్మ పక్షముతో కోడిపోరున నోడి, మాచెర్ల విడిచి వలసపోవలసివచ్చెననియు, ఆ పగయే కారెంపూడి రణమున వేలకొలది వీరులను బలిగొనెననియు మనవారు నేటికిని గానము చేయుచున్నారు. వినువారు వీరుల శౌర్యమునకు పులకింతురు. బరిలో మొదలిడినది రణభూమిలో ముగిసెనను సంగతిని మాత్రము విని మరతురు.

ఇక మన యూహారంగమున నెదురెదురుగ నిలిపిన యీ రెండు మృగముల నిజమైన శత్రువు లెవరో చూతము. 1994లో ఆఫ్రికాయందలి సెరెంగెటి ప్రాంతమున కుక్కలనుండి వచ్చు డిస్టెంపరు రోగమున ఇంచుమించు వేయి సింహములు, అనగా అచటి వానిలో మూడవవంతు, నశించెను. 2018లో గిర్ అడవిలో నదే రోగము సోకి, కొలది వారములలో నిరువదికి పైగా సింహములు చచ్చెను. గట్టులేని దిగుడుబావులలో బడి చచ్చిన సింహములును గలవు. రాజస్థానమునందలి సరిస్కా యడవిలో 2005 నాటికి ఒక్క పులియు మిగులలేదు. దొంగవేటగాండ్రు వానిని రూపుమాపిరి. 2008 మొదలు ఇతరస్థలమునుండి పులులను తెచ్చి యచట మరల నిలుపవలసివచ్చెను. మృగరాజును చంపినది శార్దూలము కాదు, ఊరకుక్కల జబ్బు. శార్దూలమును చంపినది సింహము కాదు, ఉచ్చు. ఏది గొప్పదియని మనము వాదించుచుండగా రెండును మనచేతనే యోడిపోవుచుండెను.

శుభవార్తయు లేకపోలేదు. 2006లో దేశమున 1,411గా నంచనా వేయబడిన పులులు 2022 నాటి యంచనాలో 3,682 అయ్యెను. 2025 నాటి గణనలో గుజరాతు సింహములు 891గా దేలెను. ఇవి పోరాటమున గడించిన విజయములు కావు. అడవిని కాపాడుటచేతను, లేళ్లను, నీటిపట్టులను రక్షించుటచేతను, బావులకు గట్లు కట్టుటచేతను గలిగిన ఫలములు.

ఇదంతయు మృగములతో ముగియు సంగతియైనచో గృహస్థులకు దీనితో నంత పని లేదు. కాని గోడ కట్టి పోల్చు బుద్ధి యింటిలోనికిని వచ్చును. గణితము వచ్చిన పెద్దవానిని, పాట వచ్చిన చిన్నవానిని ఒక్క పరీక్షాపత్రము నెదుట నిలిపి ఎవడు గొప్పవాడని యడుగు తండ్రి, పులిని సింహపు బయలులోనికి తరిమినవాడే. ఇద్దరు కోడండ్రను చెరియొకవైపున నిలిపి బంధువులయెదుట తూచు అత్తగారును అంతియే. రెండు కులములను, రెండు మతములను, రెండు భాషలను బరిలోనికి దింపి ఏది గెలుచునోయని చూచువారు మరింత పెద్దగోడ కట్టిరి. ఓడినవారికి పోవు దారి లేనిచోట గెలిచినవారికి నిదుర పట్టు దారియు నుండదు.

పసివాడు సింహమా, పులియా యని యడిగినప్పుడు కసరవలదు. వానికి గావలసినది రక్తము కాదు, ఆశ్చర్యము. ఆ యాశ్చర్యమును మంచిత్రోవను పెట్టుట మన పని. సింహము లేల గుంపుగా నుండును? పులి యేల నొంటరిగా దిరుగును? దాని చారలు గడ్డిలో దాని నెట్లు దాచును? వేసవిలో నల్లమలయందు వాగు లెండినప్పుడు అది నీటి కెక్కడికి పోవును? వాడు వీనిని పులి పక్షమున నిలిచి యడుగును, సింహము పక్షమున నిలిచి యడుగును. గోడమీద గూర్చుండి మాత్ర మడుగలేడు. వీనికి సమాధానము కనుగొనుట కెన్నియో యేండ్ల యోపిక కావలెను గాని, ఏ మృగమును చంపనక్కరలేదు.