రచయిత ముఖం ఎవరి సొత్తు?

చిత్రకారుడు రచయిత బొమ్మ గీయడం దేనికి? గౌరవించడానికని వెంటనే జవాబు వస్తుంది. కాని గౌరవమనే మాట చాటున అన్యాయాలు కూడా దాగుతాయి గనుక, ఆ జవాబుతో తృప్తిపడడానికి వీల్లేదు.

మా చిలమత్తూరు పొరుగునే ఉన్న లేపాక్షి సంగతి చూద్దాం. 16వ శతాబ్దంలో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల రూపాలు గుడి కప్పు మీద రంగుల్లో నిలిచాయి. వాటిని వేసినవాళ్ళ పేర్లు మనకు దక్కలేదు. ఎవరి ముఖం మిగలాలో నిర్ణయించినవి ధనమూ, అధికారమూ.

వేమన విషయంలో కథ తలకిందులైంది. కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో ఆయన సమాధి ఉందని జనం నమ్ముతారు. ఆయన్ని ఎదురుగా చూసి గీసిన బొమ్మ మాత్రం మనకు అందలేదు. అందినవి పద్యాలు. జనం నోటా, రాతప్రతుల్లోనూ ఉన్నవాటిని ఏరి బ్రౌన్ 1829లో అచ్చువేయించాడు. దిగంబరయోగి రూపం తరువాతివాళ్ళ ఊహ. 1947 నాటి 'యోగి వేమన' చిత్రంలో నాగయ్య ఆయనకు మరో ముఖమిచ్చాడు. ఊహించడం నేరమని నేననను. రాతిబొమ్మల పూజను వెక్కిరించిన కవి పటానికే దండవేసి, కులం మీద ఆయన వేసిన ప్రశ్నను అటకెక్కించడం నేరం.

అయితే బొమ్మలే వద్దా అని మిత్రులు అడగవచ్చు. 1873లో క్రామ్‌స్కోయ్ టాల్‌స్టాయ్ చిత్రం వేశాడు. వేయించినవాడు త్రెత్యకోవ్ అనే వర్తకుడే. అయినా ఆ గదిలో ఇద్దరు పనివాళ్ళు ఒకరినొకరు పరిశీలించారు. అప్పుడు రాస్తున్న 'అనా కరెనినా'లోని చిత్రకారుడు మిహైలోవ్‌లో క్రామ్‌స్కోయ్ పోలికలున్నాయని విమర్శకులంటారు. మన బాపు, రమణలదీ అలాంటి బంధమే: మాట రమణది, గీత బాపుది, విడదీస్తే బుడుగే లేడు. ఇలాంటి చోట చిత్రకారుడు రచయితకు భక్తుడు కాడు, సహచరుడు.

కాబట్టి నా గీటురాయి ఒక్కటే. బొమ్మ చూసినవాడి చెయ్యి దండ కోసం చాస్తుందా, పుస్తకం కోసం చాస్తుందా? పోలిక కుదరడం ఆ తరువాతి మాట.

బడి గోడ మీద వేమన పటం ఉండనివ్వండి. దాని కింద నిలబడి ఒక పిల్లవాడు కులం సంగతి నిలదీసి అడిగినప్పుడు, తప్పించుకోకుండా జవాబు చెప్పే ధైర్యం ఉపాధ్యాయుడికి ఉండాలి. అది లేనినాడు ఆ పటం గోడకు పట్టిన బూజుతో సమానం.