గూట్లో గ్లాసు

మా చిన్నప్పుడు పక్కింట్లో మాకోసం ఒక గ్లాసు ఉండేది. ఇంటి లోపల కాదు, వసారా గూట్లో. దాహమంటే ఆ ఇంటావిడ ప్రేమగానే మజ్జిగ పోసేది. కాకపోతే పైనుంచి ఎత్తి పోసేది. తాగి, కడిగి, మళ్లీ గూట్లో బోర్లించి వచ్చేవాళ్లం. ఆమెను పిన్నీ అనే పిలిచేవాళ్లం. రంజాన్‌కి అమ్మీ పంపిన షీర్‌ఖుర్మా గిన్నె వాళ్లింటి నుంచి ఎన్నడూ ఉత్తగా తిరిగి రాలేదు. ఇంత పంచదారో, నాలుగు జామకాయలో వేసి ఇచ్చేవాళ్లు. షీర్‌ఖుర్మా వాళ్లు తిన్నారో లేదో మేం అడగలేదు. గూట్లో గ్లాసూ నిజమే, ఉత్తగా రాని గిన్నే నిజమే.

అందుకే తవ్వకాల్లో దొరికిన పెంకుల గురించి చదివినప్పుడు మా చూపు వాటి వయసు దగ్గర ఆగదు. ఎవరు ఎవరికి వడ్డించారని వెతుకుతాం.

పుదుచ్చేరి పక్కన అరికమేడు రెండు వేల ఏళ్ల నాటి రేవు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించాడు. ఇటలీలో చేసిన ఎర్ర కంచాల ముక్కలు దొరికాయి. మధ్యధరా తీరాల నుంచి ద్రాక్షసారా, ఆలివ్ నూనె మోసుకొచ్చిన రెండు పిడుల జాడీల ముక్కలు దొరికాయి. వాటితోపాటు నున్నటి బూడిదరంగు పళ్లేలు. లోపల అడుగున సన్నటి గాట్ల వలయాలు. ఇవీ సముద్రం దాటి వచ్చినవేనని వీలర్ భావించాడు. అలాంటివే మన అమరావతిలో, శాలిహుండంలో, శ్రీలంకలోని అనురాధపురంలో, బాలి దీవిలోని సెంబిరన్‌లో బయటపడ్డాయి. 1990లలో ఆ పెంకుల మట్టిని పరీక్షించారు. మట్టి ఈ దేశానిదేనని తేలింది.

మొదట మాకు సంతోషం కలిగింది. ఎన్నో ఏళ్లు పరాయిదనిపించుకున్న పళ్లెం ఇక్కడిదే కదా! 1992 డిసెంబర్ 6 తర్వాత మేమూ అలాగే రుజువులు వెతుక్కున్నాం. మా ముత్తాతలు ఈ మట్టివాళ్లేనని, ఎక్కడినుంచో దిగలేదని చెప్పుకున్నాం.

తర్వాత సిగ్గేసింది. మరి ఆ జాడీ మాటేమిటి? అది నిజంగానే బయటనుంచి వచ్చింది. పళ్లేనికి చోటుంది, జాడీకి లేదందామా? రెండూ ఒకే రేవులో వాడారు. రెండూ ఒకే నేలలో కలిసిపోయాయి. పుట్టుక రుజువు చేసుకుంటేనే బతకనిస్తామనే న్యాయం, రుజువు దొరికినవాడికి కూడా అవమానమే.

ఇంకో సంగతి. సరుకులు కలిసినంత మాత్రాన మనుషులు కలిసినట్టు కాదు. పిన్ని ఇంట్లో లోపలి గ్లాసులూ, గూట్లో మా గ్లాసూ ఒకే దుకాణంలో కొన్నవి. మరో రెండు వేల ఏళ్లకు మా వీధిని ఎవరైనా తవ్వితే అన్నీ ఒకే రకం గ్లాసులు దొరుకుతాయి. వీళ్లంతా కలిసి తాగారని రాసుకుంటారు. గూడు కూలిపోయి ఉంటుంది. మట్టి పరీక్ష పాత్ర పుట్టుక చెప్తుంది. దాన్ని ఎక్కడ పెట్టారో, ఎంత ఎత్తునుంచి పోశారో చెప్పదు. మనుషుల మధ్య సంబంధం ఉన్నదీ లేనిదీ తేలేది అక్కడే.

ఇంతవరకూ రాసి ఆపేస్తే మేం అబద్ధమాడినట్టే. వీధి ఊడ్చే ఆమెకు మా ఇంట్లోనూ వేరే కటోరా ఉండేది, పెరటి గోడ మీద. దస్తర్‌ఖాన్ ముందు అందరూ సమానమేనని చెప్పుకునే ఇంట్లో! అమ్మీకి అది తప్పనిపించలేదు. పిన్నికి గూడు తప్పనిపించనట్టే. ఇద్దరూ మంచివాళ్లే. మంచితనం పక్కనే ఆ గోడ కూడా నిలబడింది.

ఎక్కడి మట్టి అని ఇక మమ్మల్ని అడగొద్దు. మేమూ రుజువులు తేం. మీ ఇంట్లో మా గ్లాసు ఎక్కడుందో మాత్రం అడుగుతాం. అలా అడిగే నోరు మాకుండాలంటే, ముందు గోడ మీది కటోరాని మేం లోపలికి తెచ్చుకోవాలి.