ప్రతిభ, అభ్యాసం, ప్రవేశపరీక్ష: దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి. నగర్ నేపథ్యంలో ఒక నైతిక విచారణ

కావ్యకారణాన్ని గురించి ఆలంకారికులు చేసిన చర్చ కవులకు మాత్రమే సంబంధించినదని భావించడం పరిపాటి. ప్రతిభ సహజమా, అభ్యాసంచేత సిద్ధించేదా అన్న ఆ ప్రశ్నే నేడు పదేళ్ల పిల్లల విషయంలో ఏటేటా ఎదురవుతున్నది. దండి సహజప్రతిభను, నిర్మలమైన శాస్త్రపరిచయాన్ని, ఎడతెగని కృషిని కలిపి చెప్పాడు. ప్రతిభ కొరవడినచోట కూడా చదువు, ప్రయత్నం సరస్వతీ అనుగ్రహాన్ని కొంతైనా తెచ్చిపెడతాయన్నాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువని, మూడు హేతువులు కావని ఏకవచనప్రయోగంతో సూచించాడు. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు ప్రతిభ ఒక్కటే కారణమన్నాడు. అయితే ఆ ప్రతిభకు మూలం ఒకచోట అదృష్టమని, మరొకచోట వ్యుత్పత్త్యభ్యాసాలని విడదీశాడు. చదువూ సాధనా లేని బాలుడిలో సైతం ప్రతిభ పుట్టవచ్చునన్నది ఆయన వాదానికి ఒక ఆధారం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ మీదుగా సాగే విజయవాడ రహదారి పొడవునా ఈ మాటకు వేరొక అర్థం స్థిరపడింది. ఇంటర్మీడియట్ కళాశాలలు, పోటీపరీక్షల శిక్షణకేంద్రాలు, వాటిని ఆనుకొని బతికే హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, జిరాక్స్ దుకాణాలు నిండిన ఈ ప్రాంతంలో ‘టాలెంట్ టెస్ట్’ అంటే ఫీజు రాయితీని తేల్చే పరీక్ష. చేరిన తరువాత మార్కులను బట్టి సెక్షన్లు ఏర్పడతాయి. పేరున్న అధ్యాపకులు మొదటి సెక్షనుకు వెళ్తారు. చివరికి వచ్చే ఫలితం తొలి వర్గీకరణను సమర్థించినట్లు కనిపిస్తుంది. వ్యాపారం తన ప్రకటనకు పనికివచ్చేవారిని ఎంచుకొనే పద్ధతి అది. దానిమీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు. ప్రజాధనంతో నడిచే పాఠశాల పిల్లలను ఎంచుకొనేటప్పుడే ప్రశ్న బరువెక్కుతుంది.

1986 జాతీయ విద్యావిధానం ప్రతిపాదించిన నవోదయ విద్యాలయాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆరో తరగతిలో ఒక్కో విద్యాలయానికి గరిష్ఠంగా 80 సీట్లు. కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు, మూడోవంతు బాలికలకు. ఎంపికపరీక్షలో 100 మార్కులకు 50 మార్కులు బొమ్మలతో కూడిన మానసిక సామర్థ్యప్రశ్నలవి. భాషమీద పట్టు లేని పిల్లవాడికి అన్యాయం జరగరాదన్నది అందులోని ఉద్దేశం. ఒకసారి రాసినవారు మళ్లీ రాయరాదన్న నియమమూ ఉన్నది. అభ్యాసాన్ని వేరుచేసి ప్రతిభను మాత్రమే పట్టుకోవాలన్న ఆశ ఈ రెండు ఏర్పాట్లలోనూ కనిపిస్తుంది. ఒక విధంగా ఇది జగన్నాథుని బాలుడికోసం సాగే వెతుకులాట. కానీ బొమ్మల ప్రశ్నలకూ మాదిరిపుస్తకాలు అంగళ్లలో దొరుకుతాయి. రోజూ వాటిని చేయించే తండ్రి ఉన్న పిల్లకు, పరీక్షహాలులోనే మొదటిసారి వాటిని చూసే పిల్లకు మధ్య తేడాను ఆ 50 మార్కులు ప్రతిభగానే లెక్కిస్తాయి. ఉత్తరపత్రం చూసి ఏది అదృష్టజన్యమో, ఏది అభ్యాసజన్యమో చెప్పగల పరీక్షకుడు లేడు.

గ్రామీణకోటా నియమాన్ని ఎల్.బి. నగర్ నుంచి చూస్తే మరొక చిక్కు బయటపడుతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్కరోజైనా పట్టణప్రాంతపు బడిలో చదివిన విద్యార్థిని నవోదయ నిబంధనలు పట్టణ విద్యార్థిగానే పరిగణిస్తాయి. నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చే కుటుంబాలకు నగరద్వారం ఎల్.బి. నగర్. అక్కడ భవననిర్మాణపు పనిలో కుదిరిన దంపతులు నాలుగో తరగతి పిల్లను దగ్గరి బడిలో చేర్చారనుకుందాం. ఆ క్షణంలో ఆమె గ్రామీణకోటాను కోల్పోయి, దిల్‌సుఖ్‌నగర్ శిక్షణకేంద్రంలో తయారైన పిల్లలతో మిగిలిన కొద్దిసీట్లకు పోటీపడుతుంది. నియమం దురుద్దేశంతో చేసినది కాదు. పట్టణపు పిల్లలు గ్రామీణసీట్లను ఆక్రమించకుండా కట్టిన గట్టు అది. గట్టు ఎంత అవసరమో, దానికి అవతల పడిన పిల్ల నష్టం అంత నిజం.

తెలంగాణ గురుకులాల ప్రవేశంలో మొదటి ద్వారం అవసరం, రెండోది పరీక్ష. తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించరాదు. తరువాత ఐదో తరగతి ప్రవేశానికి ఉమ్మడిపరీక్ష. పేదరికాన్ని అర్హతగా గుర్తించిన వ్యవస్థ, ఆ పేదలలో మళ్లీ ‘ప్రతిభావంతుల’ను వేరుచేస్తున్నది. ఈ ద్వంద్వం పాతదే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో సర్వేలులో ఆరంభమైన గురుకుల విద్యాలయం, పల్లెలోని ప్రతిభావంతుడికి పట్నపు ధనికుడి చదువుతో సమానమైన చదువు అందాలన్న సంకల్పానికి రూపం. అదే 1971లో, యాదృచ్ఛికంగా, జాన్ రాల్స్ తన న్యాయసిద్ధాంతగ్రంథాన్ని ప్రచురించాడు. సహజప్రతిభతో పుట్టడమూ ధనికుల ఇంట పుట్టడంలాగే ఎవరూ సంపాదించుకొన్న యోగ్యత కాదన్నది అందులోని ఒక ప్రధానాంశం. జగన్నాథుడు ప్రతిభకు మూలంగా చెప్పిన అదృష్టం వేరు, రాల్స్ ఆలోచన వేరు. ప్రతిభ పొందినవాడి గొప్ప కాదన్న చోట మాత్రం రెండూ కలుస్తాయి.

మెట్రోమార్గంలో చైతన్యపురికి, ఎల్.బి. నగర్‌కు మధ్య విక్టోరియా మెమోరియల్ స్టేషను ఉన్నది. ఆరో నిజాము కాలంలో అనాథబాలల కోసం ఏర్పడిన ఆశ్రయం పేరు అది. అక్కడ చేర్చుకోవడానికి కారణం పిల్లవాడు ఏమి కాగలడన్నది కాదు, అతనికి ఎవరూ లేరన్నది. ర్యాంకులను ప్రకటించే ఫ్లెక్సీలు నిండిన దారి మధ్యలో ఈ పేరు ఇంకా మిగిలి ఉండడం గమనింపదగినది. మంచిచదువు ఎవరికి చెందాలి? దానిని ఎక్కువగా వినియోగించుకోగలవారికా, అది తప్ప వేరే ఆధారం లేనివారికా? గురుకులాలు రెండు సమాధానాలనూ ఒకే దరఖాస్తులో ఇముడ్చుకున్నాయి.

ఆ దరఖాస్తే అసలు వడపోత. ఫారం నింపమని చెప్పే ఉపాధ్యాయుడు, కులాదాయ ధ్రువపత్రాల కోసం మీసేవకు తిరగగల తల్లి ఉన్న పిల్లలే పరీక్షదాకా వస్తారు. అమెరికాలోని ఫ్లారిడాలో ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్టు విషయంలో డేవిడ్ కార్డ్, లారా గిలియానో 2016లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే నిరూపించింది. తల్లిదండ్రులో ఉపాధ్యాయులో సిఫారసు చేసినవారిని మాత్రమే పరీక్షించే పద్ధతి మాని పిల్లలందరినీ పరీక్షించినప్పుడు, ప్రత్యేక ప్రతిభా తరగతులకు అర్హులైన పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య గణనీయంగా పెరిగింది. వారి సామర్థ్యం కొత్తగా పుట్టలేదు; అడిగేవారు లేక మరుగునపడి ఉన్నది.

పరీక్షకు ప్రత్యామ్నాయం లాటరీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రవేశాల్లో వడపోతను నిషేధిస్తూ, యాదృచ్ఛికంగా కాక మరేవిధంగా ఎంచుకొన్నా అది వడపోతేనని నిర్వచించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లోవెల్ హైస్కూలు 2021లో మార్కులను వదిలి లాటరీకి మారింది. తీవ్రమైన వివాదం తరువాత 2022లో పాతపద్ధతిని పునరుద్ధరించాలని నిర్ణయించారు. లాటరీ శ్రమను అవమానిస్తుందన్నది అక్కడ వినిపించిన అభ్యంతరాల్లో ఒకటి. తెలుగునేలమీద అంతకంటె బలమైన అభ్యంతరం ఉన్నది. పలుకుబడి లేని కూలికుటుంబానికి పరీక్ష ఒక్కటే సిఫారసు అడగని ద్వారం. పేరు చూడని ఉత్తరపత్రం ఇచ్చిన గౌరవాన్ని తరతరాలుగా బడిగడపకు దూరమైన కులాలవారు తేలికగా తీసివేయలేరు, తీసివేయనక్కరలేదు.

ఈ అభ్యంతరం పరీక్షలోని నిష్పాక్షికతను సమర్థిస్తుంది. అది ప్రతిభను కొలుస్తుందన్న మాటను మాత్రం సమర్థించదు. కనీసార్హతకు ఒక గీత గీసి, గీత దాటినవారందరినీ బహిరంగంగా లాటరీ తీస్తే సిఫారసుకు చోటుండదు. అరమార్కు తేడాకు లేని అర్థాన్ని అంటగట్టడమూ ఉండదు. ప్రభుత్వపాఠశాలల్లోని నాలుగో తరగతి పిల్లలందరికీ దరఖాస్తుతో పనిలేకుండా పరీక్ష పెడితే ఆ గీతదాకా వచ్చేవారు పెరుగుతారు. సీటు రాని పిల్లకు అప్పుడు చెప్పవలసినది సీట్లు చాలలేదని. నీలో ప్రతిభ చాలలేదని కాదు. పదేళ్ల వయసులో ఈ రెండు మాటలు ఒక్కటి కావు. గీతకు దిగువన మిగిలేవారి సంగతి లాటరీ తేల్చలేదు. వారు చదివేది ఎల్.బి. నగర్ వీధిలోని మామూలు ప్రభుత్వపాఠశాలలోనే. ఎంపిక చేసుకొనే పాఠశాలలమీద పెట్టిన శ్రద్ధలో దానికి ఎంత దక్కిందన్న ప్రశ్న ఏ ప్రవేశపరీక్షలోనూ ఉండదు.